పిల్లలతో తొలిసారి ‘అల్లూరి’

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా పెట్టాను. 1974లో వచ్చిన కృష్ణ సినిమా. పెట్టే ముందు పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఇది మనవాళ్లు తీసిన గొప్ప సినిమా అన్నాను. స్వాతంత్ర్యం ఊరికే రాలేదని ఇది చూస్తే తెలుస్తుందన్నాను. మొదలయ్యాకైనా నోరు మూసుకున్నానా అంటే అదీ లేదు. పావుగంటకోసారి రిమోట్ నొక్కి ఆపడం, "చూశావా, అదీ ధైర్యమంటే" అనడం. ఇంటర్వెల్ రాకముందే పిల్ల సోఫాలో ఒరిగి నిద్రపోయింది. నాకు కోపమొచ్చింది. లేపాను. ఏడ్చింది. తరువాత మూడేళ్లపాటు ఆ సినిమా పేరెత్తితే చాలు, పక్క గదిలోకి వెళ్లిపోయేది.

తప్పు పిల్లది కాదు, సినిమాదీ కాదు. ఆ రాత్రి నేను దానికి సినిమా చూపించలేదు, నా చిన్నతనాన్ని చూపించబోయాను. నేను పొంగిపోయిన చోటల్లా అదీ పొంగిపోవాలని, నాకు గొంతు పూడుకుపోయిన చోట దానికీ పూడుకుపోవాలని పట్టుబట్టాను. ఏ పెద్ద చారిత్రక చిత్రాన్నైనా పిల్లలకు చూపించాలనుకునే అమ్మానాన్నలకు నేను చెప్పగలిగింది ముఖ్యంగా ఇదే. ఆ మొదటి చూపు పిల్లలది. మన మొదటి చూపు మనకు ఎప్పుడో దక్కింది, ఇప్పుడు వాళ్ల వంతు.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది మా అమ్మ వల్ల. అమ్మది తుని దగ్గర పల్లెటూరు. ఆ సినిమా వచ్చిన ఏడు ఆమెకు పన్నెండేళ్లు. మా తాతయ్య ఎడ్లబండి కట్టుకుని తీసుకెళితే, నేల టిక్కెట్టులో కూర్చుని చూసింది. మా అమ్మాయికి పదేళ్లు నిండాక ఒక వేసవిలో అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు, ఆదివారం పొద్దున్నే టిఫిన్లయ్యాక మనవరాలితో మామూలుగా అంది: "నేను నీ అంతప్పుడు చూసిన సినిమా ఒకటుందే. మళ్లీ చూడాలనుంది. నాకు తోడు కూర్చుంటావా?" అంతే. గొప్పదని అనలేదు, నేర్చుకోమని అనలేదు. తోడు రమ్మంది. పిల్ల వెళ్లి పక్కన కూర్చుంది. ఎవరూ పిలవకపోయినా మా ఏడేళ్ల చిన్నాడు కూడా వచ్చి అమ్మమ్మ ఒళ్లో చేరాడు.

వయసు విషయంలో తొందరపడొద్దని నా మాట. తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి పిల్లలకు "అప్పట్లో" అనే మాటకు అర్థం తెలుస్తుంది. అంతకుముందు వాళ్లకు తాతగారి కాలమూ రాముడి కాలమూ ఒకటే. ఇంట్లో పెద్ద పిల్లలతోపాటు చిన్నవాళ్లు కూర్చుంటే కూర్చోనివ్వండి, మధ్యలో లేచి బొమ్మల దగ్గరికి వెళితే వెళ్లనివ్వండి. మా చిన్నాడు ఆ సినిమా చూసింది సగమే. ఆ సగంలో వాడికి కావలసిన గుర్రాలూ విల్లమ్ములూ దొరికాయి.

ముందు ఏం చెప్పాలి? కథ చెప్పకండి. ఆఖరున ఏమవుతుందో అసలే చెప్పకండి. మనకు రామరాజు మరణం అక్షరాభ్యాసం నాటినుంచి తెలుసు కనుక అందరికీ తెలుసనుకుంటాం. పిల్లకు తెలియకపోవచ్చు. ఆ తెలియకపోవడం దానికి దొరికిన అదృష్టం. ఒక్క సంగతి మాత్రం ముందే చెబితే మేలు. అది లేకపోతే మిగతాదంతా గాలిలో తేలుతుంది: మన్యం కొండల్లో జనం తెల్లదొరల మీద ఎందుకు తిరగబడ్డారు?

దానికి ‘పోడు’ అనే మాట చాలు. అడవిలో కొంత మేర చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదే ఎరువుగా రెండు మూడేళ్లు పంట పండించుకుని, నేల అలసిపోగానే దాన్ని విడిచి ఇంకోచోటికి మారడం. మన్యంలో తరతరాల బతుకు అదే. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం ఆ బతుకుకు కంచె వేసింది. అడవిలో పుట్టినవాడు అడవిలోకి పోవాలంటే అనుమతి కావలసి వచ్చింది. మా అమ్మ ఈ చట్టం పేరు ఎత్తలేదనుకోండి. "రేపట్నుంచి మన పెరట్లో మామిడికాయ కోసుకోవాలంటే ఎవరో దొర చీటీ ఇవ్వాలంటే నీకెలా ఉంటుంది?" అంది. పిల్ల మొహంలోకి వచ్చిన కోపం చూశాక ఆమె ఇంకేం చెప్పకుండా సినిమా పెట్టమంది.

కాస్త పెద్ద పిల్లలైతే రోడ్డు సంగతి కూడా చెప్పొచ్చు. చలికాలం వస్తే మనమంతా లంబసింగి పొగమంచు చూడ్డానికి కార్లేసుకుని వెళ్తాం కదా. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఆ దారి కోసమే అప్పట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత వెట్టిచాకిరీ చేయించాడు. న్యాయంగా ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. అడిగినవాళ్లను కొట్టించాడు. గాం గంటందొరలాంటి పెద్దమనుషులు ఆస్తీ అధికారం పోగొట్టుకుని రామరాజు వెంట నడవడానికి వెనకున్న కారణాల్లో ఇది ఒకటి. సెల్ఫీలు దిగే మలుపు దగ్గర కారాపి ఈ మాట చెబితే, పుస్తకంలో పది పేజీలు చదివించినదానికంటే లోతుగా దిగుతుంది.

ఇక చూసే ఏర్పాటు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం సినిమాలు ఇక్కడే పాడవుతాయి. రాత్రిపూట పెట్టొద్దు. మూడు గంటల సినిమా అది, పొద్దున గానీ మధ్యాహ్నం గానీ మొదలుపెట్టండి. ఫోనులో చూపించకండి, ఇంట్లో ఉన్న అన్నింటికంటే పెద్ద తెర ఏదో దానిమీద చూపించండి. మీ ఫోను కూడా వంటింట్లో పెట్టి రండి. మనం ఫోను చూసుకుంటూ పిల్లల్ని సినిమా చూడమంటే, ఇది అంత ముఖ్యం కాదని మనమే చెప్పినట్టు.

తెరకు పైనా కిందా నల్లటి పట్టీలు వస్తే కంగారుపడి సెట్టింగులు మార్చకండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం ఇది. వెడల్పాటి దృశ్యాన్ని కెమెరా ముందున్న ప్రత్యేకమైన లెన్సు రెండు పక్కల నుంచి నొక్కి మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఇరికిస్తుంది. హాల్లో ప్రొజెక్టరుకు బిగించిన ఇంకో లెన్సు దాన్ని మళ్లీ పక్కలకు సాగదీసి తెరనిండా పరుస్తుంది. గుండ్రటి గాజుగ్లాసులో నీళ్లుపోసి వెనకాల వేలు పెట్టి చూపించండి. వేలు పొడుగు మారదు, లావు మాత్రం పెరుగుతుంది. అదే కిటుకని చెబితే పిల్లలు గ్లాసు వదలరు. ఆ నల్లపట్టీలు లేకుండా తెరంతా నిండిన కాపీ దొరికిందంటే బొమ్మకు అటూ ఇటూ కోసేశారన్నమాట. కొండవాలు మీద బారులు తీరిన జనంలో సగంమంది అందులో కనిపించరు.

రంగులు ఎర్రబారి ఉంటే అదీ చెప్పండి. ఆ రోజుల్లో వాడిన ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ములో నీలి ఛాయ ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగిలిపోతుంది. మా అమ్మ మనవరాలితో, "ఆ అడవి ఇలా ఉండదే, పచ్చగా కళ్లు చెదిరేలా ఉండేది" అంటూనే ఉంది. చింతపల్లి అడవుల్లోనే తీశారు కనుక ఆమె మాట నిజమే అయివుంటుంది.

పాటలొచ్చినప్పుడు ముందుకు జరపొద్దని నా అభిప్రాయం. ఇప్పటి సినిమాల వేగానికి అలవాటుపడిన పిల్లలకు పాత సినిమా నెమ్మదిగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ నెమ్మదిలోనే వాళ్లు ఊపిరి తీసుకుంటారు. జరిగినదాన్ని లోపల సర్దుకుంటారు. పిల్ల తనంతట తను లేచి నీళ్లు తాగి వస్తానంటే వెళ్లనివ్వండి. రిమోట్ మాత్రం మన చేతిలో ఆడకూడదు. శ్రీశ్రీ రాసిన పాట వచ్చినప్పుడు మా అమ్మ పెదాలు కదులుతుంటే పిల్ల తెర వదిలేసి అమ్మమ్మ మొహమే చూసింది. ఆ పాటకు జాతీయ పురస్కారం వచ్చిందని నేను చెప్పబోయి ఆగిపోయాను. చెప్పకపోవడమే మంచిదైంది.

ఒక్క బిగిన మూడు గంటలు కూర్చోలేకపోతే ఇంటర్వెల్ దగ్గర ఆపి, మిగతాది మర్నాడు చూడండి. ఆ ఇంటర్వెల్‌ను నిజమైన ఇంటర్వెల్‌లా చేయండి. వేయించిన వేరుశెనగకాయలు పొట్లం కట్టి చేతికివ్వండి. మా ఇంట్లో ఆ పని చిన్నాడు చేశాడు, కాగితం పొట్లాలు చుట్టడం అమ్మమ్మ దగ్గర నేర్చుకుని.

మధ్యలో ప్రశ్నలు వస్తాయి. వాటికి ఒక్క మాటలో జవాబు చెప్పి వదిలేయండి. "ఆ తెల్లదొర తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నాడు?" అంది మా అమ్మాయి. "ఆయన జగ్గయ్యగారు, మనవాడే" అంది అమ్మ. పిల్ల నవ్వి మళ్లీ సినిమాలో పడింది. పెద్ద జవాబులు కావలసిన ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాసుకోమనండి. తరువాత చూసుకోవచ్చు. రాసుకున్న ప్రశ్న ఎక్కడికీ పోదు. ఆపేసిన సినిమా మాత్రం చల్లారిపోతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయానికి వస్తాను. ఇందులో ఏది నిజం, ఏది కల్పన? పిల్లలు ఇది తప్పకుండా అడుగుతారు. ఇప్పటి పిల్లలైతే మొదటి అరగంటలోనే, "భీమ్ ఎప్పుడొస్తాడు?" అంటారు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ వాళ్ల మనసులో ముందే ఉంది. దాన్ని తీసిపారేయకండి. వాళ్లకు రామరాజు పేరు వినిపించిన సినిమా అది. అందులో రామరాజుకూ భీమ్‌కూ మధ్య చూపిన స్నేహం రచయితల ఊహ, చరిత్రలో వాళ్లిద్దరూ కలుసుకోలేదు, కొమరం భీమ్ పోరాటం ఆదిలాబాద్ అడవుల్లో వేరుగా జరిగింది, ఆయన 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలు వదిలాడు. ఈ మాత్రం నెమ్మదిగా చెబితే చాలు. ఇద్దరు వీరులున్నారని తెలిస్తే పిల్లలకు నష్టమేమీ లేదు.

1974 సినిమాలోనూ కల్పన ఉంది. విజయనిర్మల వేసిన సీత పాత్ర, ఆ ప్రేమకథ జనంలో బాగా పాకిపోయినవే గానీ, వాటికి చరిత్రలో గట్టి ఆధారం లేదు. మా అమ్మాయి ఈ మాట విని చిన్నబుచ్చుకుంది. మోసపోయినట్టు అనిపించిందేమో. అప్పుడు అమ్మ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "ఆయన ఎంత వదులుకున్నాడో మనకు ఎలా చూపిస్తారే? మనసు లోపలిది కెమెరాకు కనపడదు కదా. అందుకని ఒక పిల్లను పెట్టి చూపించారు." కల్పన ఎందుకు పుడుతుందో ఇలా చెబితే, పిల్లలు సినిమాను అబద్ధమని కొట్టిపారేయరు, నిజమని మింగేయరు కూడా.

జగ్గయ్యగారు వేసిన రూథర్‌ఫర్డ్ దొర సంగతీ అంతే. సినిమాలో రామరాజుకు ఎదురుగా నిలబడేది ఆయనే. చరిత్రలో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా మన్యానికి వచ్చేసరికి 1924 ఏప్రిల్. అప్పటికి పోరాటం మొదలై ఏడాదిన్నర దాటింది. రామరాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టేసి కాల్చి చంపించింది మేజర్ గుడాల్. ఎన్నో చేతులు చేసిన పనిని సినిమా ఒక్క మొహంలో పెట్టి చూపిస్తుంది. మూడు గంటల్లో చెప్పాలంటే వేరే దారి లేదు. పదేళ్లు దాటిన పిల్లకు ఈ సంగతి అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట. కల్పనను విడదీసేటప్పుడు, నిజంగా జరిగినవి కల్పనకంటే ఎంత ఆశ్చర్యంగా ఉన్నాయో కూడా చెప్పండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు రామరాజు. ఫలానా రోజు వస్తున్నానని ముందే కబురంపడాన్ని జనం ‘మిరపకాయ టపా’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఆయన మనుషులు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. "మనవాళ్లని ఎందుకు వదిలేశారు?" అని మీ పిల్లలు అడిగితే జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.

సినిమాలోని కొండజనం గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆనాటి సినిమాల్లో గిరిజనుల వేషభాషలు, వాళ్ల ఆటపాటలు చాలావరకు మైదానంలోని సినిమావాళ్ల ఊహ. మన పిల్లల తరగతిలో ఇవాళ బగత, కోయ, కొండదొర పిల్లలు ఉండొచ్చు. ఈకలు పెట్టుకుని గెంతేవాళ్లే గిరిజనులన్న బొమ్మ మన పిల్లల తలలో ముద్ర పడకుండా చూసుకోవడం మన పని. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. "ఆ అడవి ఎవరిది? దెబ్బలు తిన్నది ఎవరు? ఆయన వెంట పోరాడింది ఎవరు?" అని రెండు మూడు మాటలు అడిగితే, తెరమీద వెనకాల నిలబడిన మొహాలు ముందుకు వస్తాయి. మా అమ్మాయి ఆ రోజు సాయంత్రం కాగితం మీద రాసుకున్న మొదటి ప్రశ్న, "మిగతావాళ్లు ఏమయ్యారు?"

రెండో ప్రశ్న నన్ను ఇబ్బందిపెట్టింది. "గాంధీగారు కొట్టొద్దన్నారు. ఈయన కొట్టాడు. ఎవరు మంచివాళ్లు?" బడిలో ఒకటి, తెరమీద ఒకటి కనిపిస్తే పిల్ల అడగకుండా ఎలా ఉంటుంది? ఇలాంటప్పుడు "ఇద్దరూ మంచివాళ్లే" అని తేల్చేయడం సులువు. నేను కొంచెం ఆలోచించి, జరిగిందే చెప్పాను. గాంధీజీ 1929లో ఆంధ్రదేశం తిరిగివెళ్లాక రామరాజు గురించి రాశారు. సాయుధ మార్గాన్ని తాను ఒప్పుకోనని చెబుతూనే, ఆయన ధైర్యానికీ త్యాగానికీ తలవంచారు. ఒకరి దారిని కాదంటూనే ఆ మనిషిని గౌరవించడం కుదురుతుందా అని పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఆఖరికి ఏం తేల్చుకుందో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మన మనసుకు నచ్చని అభిప్రాయం వచ్చినా అలాగే ఓర్చుకోవాలి. మా చిన్నాడికి సినిమా అంతటిలోకీ రూథర్‌ఫర్డ్ నచ్చాడు. "ఆయన గొంతు బావుంది" అన్నాడు. వాళ్ల నాన్నకు చురుక్కుమంది. "విలన్ నచ్చడమేంట్రా?" అనబోయాడు, నేను కనుసైగ చేశాను. గొంతు నచ్చడం తప్పు కాదు. ఏడేళ్లవాడికి జగ్గయ్యగారి గొంతు పట్టుబడిందంటే అది సంతోషించాల్సిన విషయం. న్యాయాన్యాయాల తూకం వాడికి వయసుతోపాటు వస్తుంది. ఈ రోజు మనం కసిరితే వాడు రేపట్నుంచి తన మాట మానేసి మన మాటే మనకు అప్పజెబుతాడు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇంకో చిక్కు. ఇంట్లో వాడే నాలుగు మాటల తెలుగుతో త్రిపురనేని మహారథి రాసిన సంభాషణలు అందవు. అవి పలికే తీరు, ఆ బిగువు వేరు. అక్షరం అక్షరం అనువదించి చెప్పబోకండి. ఊళ్లో ఉన్న తాతయ్యనో అమ్మమ్మనో వీడియోకాల్‌లో పిలిచి, వాళ్లకు ఇప్పటికీ నోటికొచ్చిన డైలాగు ఒకటి చెప్పించండి. డెబ్బై ఏళ్ల మనిషి ఉన్నట్టుండి నిటారుగా కూర్చుని గొంతు పెంచడం చూశాక, మాటలు అర్థం కాకపోయినా ఆ బిగువు అర్థమవుతుంది.

తెర వెనక కథలు మాత్రం సినిమా అయ్యాకే చెప్పండి, అప్పుడవి బెల్లంముక్కల్లా పనికొస్తాయి. ఈ కృష్ణ మహేష్ బాబు వాళ్ల నాన్న అంటే చాలు, పిల్లలు మళ్లీ మొదటినుంచి ఆయన మొహం వెతుక్కుంటారు. ఇది ఆయన నూరో సినిమా అనీ, దర్శకుడు వి. రామచంద్రరావు తీస్తుండగానే చనిపోతే మిగతావాళ్లు కలిసి పూర్తిచేశారనీ చెప్పినప్పుడు మా అమ్మాయి, "అయితే ఆయన సినిమా చూడలేదా?" అంది. 1974 మే 1న విడుదలైంది ఆ చిత్రం, రామరాజు పోయి సరిగ్గా యాభై ఏళ్లు నిండడానికి ఆరు రోజుల ముందు.

అన్నింటికంటే నన్ను బెంగపెట్టింది ఆఖరి ఘట్టం. మన పిల్లలు చూసే సినిమాల్లో నాయకుడు చావడు. పడిపోయినా లేస్తాడు. నెత్తుట్లో తడిసినా ఆఖరి దెబ్బ అతనిదే. అలాంటి పిల్ల ముందు, మూడు గంటలపాటు అది ప్రేమించిన మనిషి చనిపోతాడు. ఇరవైయేడేళ్లు కూడా నిండని మనిషి. మా అమ్మాయి తెర నల్లబడ్డాక కూడా, ఇంకా ఏదో ఉంటుందన్నట్టు చూస్తూ కూర్చుంది. తరువాత లేచి మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది.

నేను లేచాను. వెళ్లి దగ్గరకు తీసుకోవాలనీ, ఏడవొద్దనీ, ఆయన మన గుండెల్లో బతికే ఉన్నాడనీ చెప్పాలనీ అనిపించింది. అమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండనీవే. దాని బాధ దాన్ని పడనీ" అంది. నేను అరగంట వంటింట్లో ఊరికే గిన్నెలు సర్దాను. అంత కష్టమైన అరగంట ఈ మధ్యకాలంలో లేదు. మీకూ అలాగే ఉంటుంది. తలుపు బయట ఉండండి, పిల్ల పిలిస్తే వినపడేంత దగ్గరలో. అంతకుమించి జరగొద్దు. రాత్రి నిద్రపట్టక వస్తే పక్కన పడుకోబెట్టుకోండి. చాలా చిన్న వయసు పిల్ల మరీ కలతపడితే ఆ రోజు ఇంకేం మాట్లాడకండి, ఇష్టమైనది వండిపెట్టండి.

మర్నాడు పరీక్ష పెట్టకండి. "ఏం నేర్చుకున్నావు?" అన్న ప్రశ్న ఒక్కటి చాలు, చూసిందంతా హోంవర్కు అయిపోతుంది. వ్యాసం రాయమనొద్దు. చుట్టాలొచ్చినప్పుడు డైలాగు చెప్పమనొద్దు. పంద్రాగస్టుకు కాషాయం పంచె కట్టి గడ్డం అంటించాలని మీకు సరదాగా ఉంటుంది, అది పిల్ల అడిగితేనే. చూసింది లోపల నానాలి. కొందరికి నెల పట్టొచ్చు. కొందరు పిల్లలు అసలేం మాట్లాడరు, ఎప్పుడో ఇంకేదో సందర్భంలో ఒక్క మాట అంటారు. అప్పుడు మనం పని వదిలి వినడానికి సిద్ధంగా ఉండాలి.

మాకు అది కొంచెం కొంచెంగా వచ్చింది. ముందు ఆ కాగితం మీది మొదటి ప్రశ్న, మిగతావాళ్లు ఏమయ్యారన్నది. గంటందొర కూడా రామరాజు పోయిన కొద్దివారాలకే పోరాడుతూ చనిపోయాడని చెప్పాను. పిల్ల మొహం వాడిపోయింది. అయితే ఆయన తమ్ముడు మల్లుదొర పట్టుబడి, శిక్ష అనుభవించి, బతికి బయటికొచ్చాడనీ, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొట్టమొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడనీ చెప్పాను. "ఢిల్లీ వెళ్లాడా? ఆ అడవిలోంచి?" అంది. "వెళ్లాడు." "అక్కడ కుర్చీలో కూర్చున్నాడా?" "కూర్చున్నాడు." ఆ మాట తమ్ముడికి చెప్పడానికి పరిగెత్తింది. మనం సినిమా ముగింపును మార్చలేం, మార్చకూడదు కూడా. సినిమా ఆగిన చోట కథ ఆగలేదని చూపించగలం. ఇప్పుడు ఆ కొండలున్న జిల్లాకే రామరాజు పేరుంది, పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడింది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. ఈ చలికాలం నర్సీపట్నం వైపు వెళ్లినప్పుడు అక్కడ ఆగాలని పిల్లలు ఇప్పటికే మాట తీసుకున్నారు.

వారం తరువాత, అమ్మ ఊరికి వెళ్లిపోయే ముందురోజు రాత్రి, డాబా మీద పడుకుని ఉన్నాం. అందరూ నిద్రపోయారనుకున్నాను. చీకట్లో పిల్ల గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, అప్పుడు సినిమా చూసినప్పుడు మీ నాన్న ఏడ్చారా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"హాల్లో చీకటి కదమ్మా, కనపడలేదు" అంది చివరికి. "బండిలో వస్తుంటే మాత్రం ఏమీ మాట్లాడకుండా తన కండువా తీసి నా భుజాల చుట్టూ కప్పాడు."

"చలేసిందా నీకు?"

"లేదే. మే నెల అది."